ఐదొందల ఎనభై ఏడు అడుగులు

పొద్దుగాల లేస్తూనే నేను చూసేది
మొగులు కాదు,
సెల్లుల నీటిమట్టం.

ఎన్నడు మొఖం జూడని మహాబలేశ్వరంల వాన వడితే
సాగర్ల నా బాణట్ల నూనె కాగుతది.
ఆల్మట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం...
మేనత్తల పేర్లన్న తప్పుతనేమో గని
ఈ వరుస తప్ప.

ఐదొందల ఎనభై ఏడు. ఇంక మూడడుగులే.
గిరిగిరి వడ్డీకి ముప్పైవేలు దెచ్చిన.
పద్నాలుగు కుర్చీలు కిరాయికి,
ఒకదాని కాలు ముందే ఇరిగింది, గోడకానిచ్చిన.
తమ్ముని కొడుకు లక్పతి ఎర్ర తువాల ఊపుకుంట
హైద్రాబాద్ కార్లను బండికాడికి మలుపుతున్నడు.

గేట్లెత్తిన్రు.
తుంపర్లు ఎగిరొచ్చి పొయ్యిమీద చుయ్యిమన్నయి.
అందరు నీళ్లకు వీపువెట్టి
ఫోన్ల నవ్వుతున్నరు.
"సాగర్ చేపేనా?"
"ఇప్పుడే వల దీసిన్రు సార్."
గంత వరదల వల వేసేటోడెవడు?
ఐసుపెట్టెల మిర్యాలగూడ మీదికెళ్లొచ్చిన చెరువు చేప.
ఉప్పు, కారం లెక్క
ఆ మాట గూడ కలపాలె.

ఆ ఐతారం తొమ్మిదివేల నాలుగొందలు.
మా ఆయన రూప్లా రెండుసార్లు లెక్కవెట్టిండు,
మూడోసారి ఉత్తగనే,
వేళ్లకు బాగుంటదని.

సోమారం పొద్దుగాల
ఎవరో ఇంజినీరింగు పిలగాడు
ఫొటో కోసం ఇంకొక్క మెట్టు దిగిండు.

పగటీలికి తాడు గట్టిన్రు.
పోలీసాయన తిట్టలే, మంచిగనే చెప్పిండు:
"బండ్లు దీయున్రమ్మా, వారం దాక లేదు."
లాంచీ టికెట్ల కిటికి మూతవడ్డది.
మక్కకంకుల సైదమ్మ బొగ్గుల మీద నీళ్లు జల్లింది.
నలభై కిలోల మసాల ముక్కలు,
ఐసు కరిగి ఎర్రగ కాలువ గట్టినయి.

ఆ పిలగాని తల్లి గట్టుమీద కూసున్నది.
చాయ పోసిచ్చిన.
గ్లాసు పట్టుకున్నది, తాగలే,
కొంగుముడి ఇప్పి పైసలియ్యబోయింది.
ఆమె ముంగట
నష్టమనే మాట నా నోట్లకెళ్లి రాలే.
పొద్దుగూకినంక గిరిగిరాయన బండి చప్పుడైంది,
అదే మాట
మూడుసార్లు చెప్పిన.

నీళ్లు దుంకుతనే ఉన్నయి,
చూసేటోళ్లు లేకున్నా అంతే సోకుగ.

కుర్చీలాయన వచ్చి లెక్కవెట్టుకున్నడు.
పద్నాలుగు.
ఇరిగిన కాలు నా కాతాలనేనట.