వంపు

నౌపడ దాటి ఉప్పుమళ్ళు అయిపోయిన చోట
మడచెట్లు మొదలవుతాయి.
అక్కణ్ణించి పక్షుల మంచె దాకా
మూడు వందల ఇరవై గజాలు.
రేంజరు గారి కాగితం మీద అది
స్కేలు పెట్టి గీసిన ఎర్రగీత.

కాగితం మీద బురద ఉండదు.
మొదటి తాటిగుంజ దింపిన రోజు
తంపర దాన్ని నిలువునా మింగి
ఇంకోటి ఉందా అంది.
రెండోది. మూడోది.
పన్నెండడుగుల చేవ
చెవిలో చెప్పిన మాటలా లోపలికి పోయింది.
పైకి రెండు బుడగలొచ్చాయి.
లోకనాథం సమ్మెట దించి నవ్వాడు.
"కిందన ఎవులో లాగేత్తన్నారు మామా."

వాడు వారంలో రెండు రోజులు రాడు.
ఆ రెండు రోజులూ పలాసలో
మంచం పక్కన మిషను వాడి నెత్తురు కడుగుతుంది.
మొలలోతు నీళ్ళలో పని వాడిది,
తాగే నీళ్ళకేమో కొలత.
సీసా మీద పెన్నుతో గీతలు గీసుకున్నాడు.
ఎండ నెత్తికెక్కేసరికి
ఒక గీత తాగి, రెండో గీత వైపు చూసి
మూత బిగించేస్తాడు.

నాలుగో రోజు పొద్దున దాలమ్మ వచ్చింది
నెత్తిన పీతల బుట్టతో,
గట్టు మీద నడిచినట్టు నీళ్ళలో నడుచుకుంటూ.
మా పని చూసి ఆగింది.
"ఇక్కడేటి పాతతన్నారు బాబూ?
ఇది నేల కాదు, ఏరు పడుకున్న సోటు.
దాని పేరు అందరూ మర్సిపోనారు గానీ
అదెక్కడికీ ఎల్లిపోలేదు."

తనే ముందు నడిచింది.
మడమతో నొక్కి చూసి, ఆగి, పక్కకి జరిగి.
"ఇక్కడ ఆల్చిప్పల గట్టి.
ఇక్కడ మొగలేళ్ళు, పట్టుకుంటాయి.
ఇక్కడొద్దు, ఇసక, మోసం సేత్తాది."
ఆమె ఆగిన చోటల్లా
సరుగుడు పుల్ల గుచ్చుకుంటూ పోయాను.
ముప్పై ఏళ్ళ నా మూలమట్టం
ఆ పూట సంచిలోంచి బయటికి రాలేదు.

వెనక్కి తిరిగి చూస్తే
పుల్లల వరస పదకొండు వంపులు.

"ఇదేంటయ్యా, తాగినోడు నడిచినట్టుంది!"
అన్నారు రేంజరు గారు.
లోకనాథం సీసా ఎత్తి చూపించాడు.
"తాగడానికేటుంది బాబూ, మూడు గీతలు."
ఆయన కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత జేబులోంచి పెన్ను తీసి
పలకల లెక్క పక్కన నలభై కలిపారు.

ఉప్పునీళ్ళలో ఇనుము మూడేళ్ళకి ముద్దవుతుంది.
అందుకని తుమ్మచీలలు చెక్కాను.
పలకకీ పలకకీ నడుమ వేలిమందం సందు వదిలాను,
కింద మడకాయ మొలకెత్తితే
దానికీ కాస్త వెలుగు కావాలి.
ఊపిరివేళ్ళు గుంపుగా లేచిన చోట
వేళ్ళని కొయ్యలేదు,
పలకనే నెలవంకలా కోశాను.
సందుల్లోంచి ఒక బురదచేప
గుడ్లు మిటకరించి మమ్మల్ని
నెల్లాళ్ళు కాపలా కాసింది.

ఏడో వంపు దగ్గర
ఒక పలకని బయటికి చాచి వదిలేశాను.
ప్లానులో లేదది.
ఎవరూ కూర్చోలేరు, నిలబడలేరు.
లోకనాథం అడిగాడు ఎందుకని.
చీల కొడుతూ ఉండిపోయాను.

రిబ్బను కత్తిరించిన రోజు
వాడికి పలాస వంతు.
టిక్కెట్టు ఇరవై రూపాయలు.
చెప్పుల చప్పుడుకి
గూడబాతులు ఒక్కసారి లేచి
మళ్ళీ వాలాయి.
పిల్లలు వంపు వంపుకీ
అవతల ఏముందోనని పరిగెత్తారు.

దాలమ్మ బాట ఎక్కలేదు.
ఎప్పట్లాగే నీళ్ళలోనే వచ్చింది.
ఏడో వంపు దగ్గర, ఎవర్నీ సాయం పిలవకుండా,
బుట్టని నెత్తి మీంచి అలా
పలక మీదికి జరిపింది.
సరిగ్గా ఆమె తల ఎత్తు.
చుట్టకుదురు తీసి పిండుకుంది.
మెడ అటూ ఇటూ తిప్పింది.
పలకని అరచేత్తో ఒకసారి తట్టి చూసి
బుట్ట ఎత్తుకుని మడల్లోకి పోయింది.

బిల్లులో అన్నీ రాశాను,
పలకలు, చీలలు, కూలి.
మునిగిన మూడు గుంజలు మాత్రం రాయలేదు.
అవి నాకూ ఆ ఏటికీ మధ్య లెక్క.