తవుడుకు కొన్న పేరు

గరివిడి హైస్కూల్లో ఇరవై ఆరేళ్లు
ఆ పాఠం చెప్పాను.
అమెరికా సముద్రం దాటిన పాఠం, పేజీన్నర.
పద్దెనిమిది వందల తొంభై ఎనిమిది, మనీలా అఖాతం,
తెల్లవారి మొదలైన యుద్ధం
మధ్యాహ్నం భోజనాల వేళకి ముగిసిపోయింది.
ఆ ఏడాది చివర్లో రెండు కోట్ల డాలర్లకి
ఫిలిప్పీన్స్ చేతులు మారింది.
రెండు కోట్ల కింద గీత గీసుకోండి, పరీక్షకొస్తుంది,
అనేదాన్ని.
అమ్ముడైనవాళ్లని ఎవరైనా అడిగారా అన్నది
పరీక్షకి రాదు.

మా నాయనమ్మ అక్క పేరు తవిటమ్మ.
ఆమెకి ముందు ముగ్గురు పురిట్లోనే పోతే
నాలుగోదాన్ని చేటలో పడుకోబెట్టి
పక్కింటి ముసలమ్మకి గుప్పెడు తవుడుకి అమ్మేశారు,
చావు లెక్క తప్పాలని.
సాయంత్రానికి మళ్లీ తెచ్చుకున్నారు.
పేరు మాత్రం తవుడు దగ్గరే ఉండిపోయింది.

ఎనిమిదేళ్లకే గర్భాం గనిలో తట్ట పట్టింది.
నల్లరాయి పగలగొట్టడం మగాళ్ల పని.
మట్టి దులిపి, అరచేతిలో బరువు చూసి
మంచిది వేరు చెయ్యడం ఆడపిల్లల పని.
"మంచి రాయి సల్లగుంటాది,
సచ్చిపోనోడి సెయ్యినాగ."
రోజుకి అణా. తట్ట నిండకపోతే అర్ధణా.
పెళ్లినాడు ఎంత నలుగు పెట్టినా
గోళ్లకింద నలుపు వదల్లేదట.

రాయి గూడ్సుబండెక్కి విశాఖపట్నం పోయేది.
అప్పటికింకా హార్బరు లేదు,
పడవల్లో మోసి, దూరాన నిలబడ్డ స్టీమర్లకి ఎత్తేవారు.
కొంత ఇంగ్లండుకి, కొంత అమెరికాకి
అని మేస్త్రీ సూరప్పడు చెప్పేవాడు.
అతనికీ ఎవరో చెప్పిందే.
"అమెరికా అంటే ఏటూరు, సిన్నాన్నా?"
"నీళ్లయిపోయిన కాడ."

ఏ తట్ట ఏ కొలిమికి చేరిందో
ఏ చిట్టాలోనూ ఉండదు.
చరిత్ర చెప్పినదాన్ని, ఒప్పుకుంటున్నాను,
నా దగ్గర రుజువు లేదు.
కానీ ఉక్కుకి చిటికెడు మాంగనీసు పడాలి,
పులుసులో ఉప్పులాగ.
పదహారు యుద్ధనౌకలు తెల్లరంగు పూసుకుని
భూగోళం చుట్టూ ఊరేగడానికి బయల్దేరినప్పుడు
ఆ తెలుపుని ఎక్కడో గీకితే
తవిటమ్మ గోరు కనిపిస్తుందని
నా అనుమానం.

తర్వాత పెద్దయుద్ధం.
రాయి ధర లేచింది, అణా లేవలేదు.
ఆ తర్వాత ఎక్కడో ఒక బజారు కుప్పకూలింది,
ఇక్కడ గని మూతపడింది,
రెండు పూటల చోడంబలి ఒక పూటయింది.
ఎందుకని ఎవరూ చెప్పలేదు.
"నీళ్లయిపోయిన కాడ ఏటో అయినాదట."

నలభై రెండు, ఏప్రిల్.
విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి.
చీపురుపల్లి స్టేషన్లో దిగిన జనం, మూటలు, కోళ్లు.
రేవు గుమాస్తా ఒకడు జేబురుమాలు విప్పి
బొటనవేలంత ఉక్కుముక్క చూపించాడు.
అందరూ వెనక్కి జరిగారు.
తవిటమ్మ దాన్ని అరచేతిలోకి తీసుకుంది,
కాసేపు కళ్లు మూసుకుంది.
"మనదే," అంది,
"ఇంటికొచ్చీసినాది గుంట."

యుద్ధానికి ముందు అమెరికా తుక్కినుము
జపాను ఓడలకొద్దీ కొనుక్కుందని
నేను చాలా ఏళ్లకి చదివాను.
ఆవిడ చదవలేదు.

రిటైరయ్యే ఏడు, ఆఖరిసారి ఆ పాఠం చెబుతూ
ఎందుకో ఇదంతా చెప్పేశాను,
చేట, తవుడు, రాయి, రెండు కోట్లు.
మూడో బెంచీలో బెవర శ్రావణి లేచింది.
"మరి ఫిలిప్పీన్సుని సాయంత్రానికి తిరిగిచ్చీసినారా, టీచర్?"
"ఇచ్చారమ్మా. నలభై ఎనిమిదేళ్లకి."
కూర్చోలేదు.
కిటికీలోంచి బయట ఎర్రలారీ ఏదో వెళ్తుంటే
దుమ్ము అణిగేదాకా ఆగి,
"తవుడెవులు తిన్నారు?" అంది.

బెల్లు కొట్టారు.
నేను ఇంకా డస్టరు పట్టుకునే ఉన్నాను.