రైట్ రైట్

ముప్పై ఒక్క ఏండ్లు
నా వీపెనకాలే ఉన్నాడు కుళ్లాయప్ప.
నేను స్టీరింగు, ఆయప్ప గంట.
ముఖం చూసింది తక్కువ.
నెత్తిమీది అద్దంలో చారెడు నుదురు, చెవి సందున పెన్సిలు,
మిగతా మనిషంతా నాకు గొంతే.
"పామిడి, గుత్తి, ప్యాపిలి, డోనూ..."
ఇంజను రొదను మింగేసే గొంతు.

ఇప్పుడా గొంతు
చొక్కా గుండీ దాటి రాదు.
బొటనవేలు చూపుడువేలి మీద దొర్లుతానే ఉంటుంది
రేయీపగలూ, చిల్లర లెక్కబెడుతున్నట్టు.
"ఎవరికి బాకీ పడినావప్పా?" అని అడిగినా ఒకసారి.
నవ్వలేదనుకొని కోడలు లోపలికి పోయింది.
నవ్వినాడు, నాకు తెలుసు.
ముఖం చూడకుండా ఆయప్ప నవ్వును పట్టుకోవడం
సర్వీసులో వచ్చిన విద్య నాకు.

ఏడాది పాటు గడప దాటలేదు.
కాళ్ల వల్ల కాదు, టీ వల్ల.
టవర్ క్లాక్ కాడ గ్లాసెత్తితే
సగం చొక్కానే తాగింది.
పక్క బెంచీ పిల్లోడు
"పొద్దున్నే మొదలుపెట్టినాడు" అన్నాడు.
తాగినోళ్లను ఎందరినో
బస్సు దించిన మనిషి!
ఆ మాట మోసుకొని ఇంటికి పోయి తలుపేసుకున్నాడు.

"డ్యూటీ ఉంది, లెయ్" అన్నా ఒకనాడు పోయి.
ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు,
మాత్ర మింగిన ముక్కాలు గంటకు.

చిన్న గేటు కాడ నిలబడిపోయినాడు.
చెప్పులకు మేకులు దిగినట్టు
కాళ్లు ఎనకే, పైమనిషి ముందుకు పోతాండాడు.
చెయ్యి పట్టి లాగితే ఇద్దరం పడబోయినాం.
ఎనక వాకింగోళ్లు.
"జరుగు సామీ" అంటాండారు ఎవరో.
ఏం తోచక
స్కూటర్ తాళంచెవితో గేటు కమ్మీ మీద
టంగ్ టంగ్.
"రైట్ రైట్!"

కుడికాలు లేచింది.
దాని ఎనకాల ఎడమది.

అన్నేండ్లు ఆ రెండు గంటలకు కదిలినోణ్ని నేను.
దీనికేందో పేరుందంట,
డాక్టరమ్మ చెప్పింది, మర్చిపోయినా.

ఇప్పుడు గ్రౌండు చుట్టూ ప్రతి లైటు స్తంభమూ ఒక స్టేజీ.
పెద్ద అడుగు, ఊపే చెయ్యి,
స్తంభం రాగానే ఊరిపేరు అరవాల,
"టాపు మీదోళ్లకు ఇనపడాల" అంటా నేను.
మొదటి రోజు పామిడి నాకొక్కడికే ఇనపడింది.
మొన్న డోను, క్రికెట్టాడే పిల్లోళ్ల దాకా పోయింది.
"వెల్దుర్తి పోతాదా?" అని అరిచినాడొకడు.
"సీట్లు లేవు, నిలబడాల" అన్నాడు కుళ్లాయప్ప.
ఆ పొద్దంతా నాకు ఆకలి కాలేదు.

తిరిగొచ్చేటప్పుడు జిలానీ
అడక్కుండానే వన్ బై టూ పెడతాడు.
సగం గ్లాసు ఎంత వణికినా అంచు దాకా రాదు.
ఆ సంగతి ముగ్గురికీ తెలుసు,
ముగ్గురమూ ఎత్తం.

అన్ని రోజులూ ఇట్లే అంటే అబద్ధం.
పోయిన వారం మంచం దిగలేదు.
మధ్యదారిలో మాత్ర పని అయిపోతే
గోడకానుకొని "బ్రేక్‌డౌన్" అంటాడు, అంతే.
తగ్గే జబ్బు కాదు.
నేను ఆ లెక్క అడగను,
ఆయప్ప చెప్పడు.

ఈ పొద్దు గేటు బయట ఒకామె.
కొంగు కింద ఒక చెయ్యి దాచుకొని
లోపలికి రావాల్నా వద్దా అని చూస్తాంది.
ఆమె కొంగు కదులుతాంది, గాలి లేదు.
నేను చూడలేదు. ఆయప్ప చూసినాడు,
టికెట్టు తీసుకోనోళ్లను జనంలో పట్టే కన్ను అది.
"రైట్" అనబోతాంటే నా చేతిలో తాళంచెవి లాక్కున్నాడు.
వణికే చేత్తో ఒక్క గంటే కొట్టడం
ఎంత కష్టమో నాకు ఇప్పుడు తెలిసింది.
రెండో దెబ్బ పడకుండా
ఎడమ చేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకొని,

టంగ్.

ఒక్క గంటంటే ఆపమని.
నిలబడినాం.
ఆమె ఇంగా గేటు దాటలేదు.