నీళ్లు కలిపే వేళ

చెన్నై ఎయిర్‌పోర్టు కాడ నిలబడటం నాకు కొత్తగాదు.
ఏడాదికి ఏడెనిమిది తూర్లు వస్తా,
సముద్రాలు దాటొచ్చిన తల్లిరొయ్యల పెట్టెల కోసం.
వాటి గేటు వేరే, వాటి కాగితాలు వేరే.
నీలాంకరైలో కాపలాలో ఉంచి
రోగం లేదని ముద్దరేసినాకే
నా బండెక్కిస్తారు.

ఈ తూరి మనుషులొచ్చే గేటు కాడ నిలబడుండా.
నలభై మూడు రోజులు.

ఉద్యోగం వీసా మీదొచ్చిన మనిషి
పెళ్లాం వీసాకి మారాలంటే
దేశం దాటిపోయి, అడిగించుకోని, మళ్లీ రావాలన్నారు.
కావలి రిజిస్ట్రారు ఆఫీసులో మేం పెట్టిన సంతకాలు
మనీలా దాకా పోయి
అద్దం ముందు కూచున్నాయి.

ఏమడిగారో ముక్కలు ముక్కలుగా ఫోన్లో చెప్పింది.
నీ మొగుడు తినని కూర ఏది?
రొయ్యలు.
రొయ్యల హేచరీలో పనిచేసేవాడు రొయ్యలు తినడా అని
ఆయన పెన్ను ఆపాడంట.
మీ అత్త నిన్నేమని పిలుస్తుంది?
మారెమ్మ.
మారివిక్ అనే పేరు మా అమ్మకు నోరు తిరగక
మూడో రోజుకే మారెమ్మ అయింది.
ఎవరీ మారెమ్మ అని ఫైలంతా తిరగేశారంట.
ఊరి దేవతని చెప్పడం తెలియక
నేనే, నేనే, అన్నదంట రెండుసార్లు.

పిల్లలు?
దానికేం చెప్పావని నేనడగలా. తనూ చెప్పలా.
తల్లిరొయ్యకి ఒక కన్ను తీసే పని హేచరీలో తనదే.
అట్టా తీస్తేగానీ త్వరగా గుడ్డు పెట్టదు.
ఆ పనున్న రాత్రి తను అన్నం ముట్టదు.
ఇది ఏ ఫారంలో రాయాలో
నాకు తెలియదు.

వచ్చింది. జుట్టు కత్తిరించుకోనుంది.
ఎందుకొచ్చావని కౌంటర్లో అడిగితే
'మా ఇంటికి' అని తెలుగులో అన్నదంట,
ఆయన అరవంలో ఏదో అన్నాడంట,
ఇద్దరికీ ఏమీ అర్థం కాక ముద్దరేసేశాడంట.
ఇదంతా నాకు తెల్లారి చెప్పింది.
అప్పటికి మాత్రం మాటల్లేవు.
పాస్‌పోర్టు రెండు చేతుల్తో పట్టుకోనుంది.

తల్లిరొయ్యను తెచ్చి నేరుగా తొట్లో వదలకూడదు.
సంచి మూతి విప్పకుండా నీళ్ల మీద తేలేయాలి.
లోపలి చల్లదనం, బయటి చల్లదనం ఒకటైనాక
మన నీళ్లు గ్లాసు గ్లాసుగా పోయాలి.
తొందరపడ్డోడికి మిగిలేది దుర్వాసనే.
నాకిది నేర్పింది తనే,
తుమ్మలపెంటలో నేను పనికి చేరిన మొదటి వారం.
అందుకే బండెక్కినాక
నేనూ ఏమీ మాట్లాడలా.

తడ దాటిందాకా కళ్లు మూసుకోనుంది.
సూళ్లూరుపేట కాడ ఏసీ ఆపమంది, చేత్తోనే.
నాయుడుపేటలో వాళ్లమ్మకు ఫోను చేసింది,
ఆ భాషలో నాకు తెలిసిన రెండు మాటలూ
అందులో రాలేదు.
గూడూరు కాడ నిమ్మకాయల లారీ మా ముందు పడింది.
నాలుగు కిలోమీటర్లు దాని వెనకే పోనిచ్చా,
కావాలనే.
కొట్టు కాడ ఆపి, నిమ్మకాయ సోడా, ఉప్పా చక్కెరా అనడిగితే
"రెండూ" అంది.

పెన్న బ్రిడ్జి మీద అద్దం దించింది.
కావలి దాటి సముద్రం దోవ పట్టినాక,
ఉప్పుగాలి మొహానికి కొట్టేసరికి,
నిటారుగా కూచుని అడిగింది:
మూడో తొట్టి మోటారు బాగుచేయించావా?
లేదన్నా.
"నలభై మూడు రోజులు గాడిదలు కాస్తుండావా మాల్యాద్రీ?"
అచ్చం మా అమ్మ తిట్టు,
దీర్ఘం కూడా తప్పలేదు.

పాస్‌పోర్టు ఎప్పుడు వదిలిందో నేను చూళ్లేదు.
పొద్దున బండి కడుగుతుంటే
సీటు కింద దొరికింది,
అట్ట మీద నిమ్మగింజ ఒకటి అంటుకోని.