రెండు వేళ్లు

అప్పట్లో ఆర్విడ్ నాకు అరవై అడుగుల దూరంలో
గొంతుక్కూచునేవాడు.
ఇనప ముసుగు, దుమ్ము, మోకాళ్ల మధ్య వేళ్లు:
ఒకటి చూపిస్తే వేగం,
రెండు చూపిస్తే వంపు,
నాలుగూ ఆడిస్తే
వస్తున్నట్టే వస్తూ ఆగే నెమ్మది బంతి.

మా జట్టు పేరు కొంగలు.
నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య మైదానం.
రాత్రి బస్సులో మేమంతా పేకాడుతుంటే
వాడు టార్చిలైటు పళ్ల మధ్య కరుచుకుని
ఎముకల పేర్లు బట్టీ పట్టేవాడు.
మణికట్టులో ఎనిమిదుంటాయట,
అందులో ఒకటి వాడికప్పటికే విరిగింది.

పైజట్టు పిలుపు నాకూ రాలేదు, వాడికీ రాలేదు.
ఒక సెప్టెంబరులో గ్లవ్వు నా ఒళ్లో పడేసి
"బడికి పోతున్నాన్రా" అన్నాడు.
బస్సంతా నవ్వాం.

ఇప్పుడు మా ఊరందరికీ వాడే డాక్టరు.
ధాన్యం గోదాం ఎదురుగా, ఒకప్పటి చెప్పుల కొట్టులో.
వంకర్లు తిరిగిన ఆ వేళ్లతోనే పురుళ్లు పోశాడు.
మా అన్న వెండెల్ చివరి రాత్రి
మంచం పక్కన కుర్చీలోనే కునికాడు.
పిల్లలొస్తే ఇప్పటికీ గొంతుక్కూచుంటాడు,
మోకాళ్లు ఎండుపుల్లల్లా చిటుక్కుమంటాయి,
అది విని వాళ్లు ఏడుపు మరిచిపోతారు.

నిన్న నా కింది పెదవి తిప్పి చూశాడు,
నలభై ఏళ్లుగా పొగాకు ఉండ దాక్కునే చోటు.
చాలాసేపు మాట్లాడలేదు.

నాకా ఆఖరి ఆట గుర్తొచ్చింది.
వాడు నాలుగు వేళ్లూ ఆడించాడు. తల అడ్డంగా ఊపాను.
మళ్లీ ఆడించాడు. మళ్లీ ఊపాను.
వేగంగానే విసిరాను.
ఆ బంతి కంచె దాటి, రైలు పట్టాలు దాటి
ఎవరి చేలో పడిందో ఇంతవరకూ దొరకలేదు.
వాడు ముసుగు నెత్తి మీదికి నెట్టుకుని నడిచొచ్చి
ఒక్క మాటా అనకుండా
కొత్త బంతి నా చేతిలో పెట్టి వెళ్లాడు.

"తెల్లమచ్చ ఉంది. చిన్న ముక్క కోసి పంపాలి.
లింకన్‌లో ఆసుపత్రికి రేపు. పొగాకు మానడం ఇవాళ."
అని, నా మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి
గడియారం వైపు చూస్తూ కూచున్నాడు.
నాడి చూడాల్సిన పనేమీ లేదప్పుడు,
నాకు తెలుసు.

జేబులోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.
"రెండు వేళ్లు. వంపు బంతేనా?" అన్నాను.
"కాదు, నెమ్మదిది," అన్నాడు గడియారం మీంచి చూపు తీయకుండా.
"ఈసారైనా వెయ్యి."