ఉప్పుకు కప్పు

త్రాపని దగ్గర మా తీరంలో
గాలికి ముందు పేరు పెడతారు, పిల్లలకు తర్వాత.
పడమటి గాలి లేస్తే నాన్న
చొక్కా చేతిలో పట్టుకునే పరిగెత్తేవాడు
గాలిమర ఆరు రెక్కలకీ గుడ్డ కట్టడానికి.
షిరోక్కో అయితే సగం గుడ్డే,
అదీ తిట్టుకుంటూ.
ఆఫ్రికా నుంచి వచ్చే గాలి అది,
దానికి పని నేర్పడం కష్టం.

పైన మర తిరిగితే
కింద చెక్క మెలిక తిరిగేది,
ఒక మడి నీళ్ళు ఇంకో మడిలోకి
గుక్క గుక్కగా ఎక్కేవి.
మొదటి మడిలో సముద్రం సముద్రంలాగే ఉంటుంది.
మూడోదాంట్లో చేప బతకదు.
నాలుగోది గులాబి రంగు.
చివరిదాని పక్కన, జులై మిట్టమధ్యాహ్నం,
చెవి ఆనిస్తే
నీళ్ళు పళ్ళు కొరుకుతున్నట్టు సన్నటి చప్పుడు.
"తోడుకుంటోంది" అనేవాడు నాన్న.

ఆయన పాదాలు నేనెప్పుడూ పూర్తిగా చూడలేదు,
ఏదో ఒక గుడ్డ చుట్టి ఉండేది.
పుండు మీద ఉప్పు అనే మాట
మా ఇంట్లో ఎవరూ వాడేవాళ్ళు కాదు.

యజమాని దొన్ ఇన్యాత్సియో
ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు, ఎండకి గొడుగేసుకుని.
"నా ఉప్పు తిన్నవాళ్ళు మీరు" అన్నాడొకసారి.
నాన్న తలూపాడు.
ఇంటికొచ్చాక అమ్మ అడిగింది,
"మరి ఆయన తినేదెవరిదట?"

ఆగస్టు చివర గట్ల మీద దిబ్బలు.
తట్టకో గాటు, ముసలి వీతో కర్ర మీద.
పదో తట్ట మాది.
వానకి కరగకుండా దిబ్బల మీద మట్టి పెంకులు పేర్చేవాళ్ళు,
గోడల్లేని ఇళ్ళలా ఉండేవి.

ఆ ఏడు పెంకులు చాలలేదు.
అయిదో దిబ్బ బోడిగా ఉండిపోయింది,
మారెత్తిమో దీవి మీద మబ్బు నల్లబడింది.
నాన్న నిచ్చెన తెచ్చాడు.
మా ఇంటికి వేశాడు.
ఒక్కో పెంకూ ఊడదీసి నాకు,
నేను అమ్మకి, అమ్మ బండిలోకి.
ఎవరం మాట్లాడలేదు.
గాడిద మాత్రం ఏదో అంది.

ఆ రాత్రి వాసాల మధ్య చుక్కలు లెక్కపెట్టాను.
నలభై దాకా వచ్చేసరికి ఆరిపోయాయి.
అమ్మ తమ్ముణ్ణి బల్ల కిందకి తోసి
ఉన్న గిన్నెలన్నీ పరిచింది.
మణికట్టు మీద పడ్డ చినుకు నాకి
"చప్పగా ఉంది" అంది,
ఎవరో వండిన పులుసుకి వంకపెట్టినట్టు.
నాన్న నవ్వాడు. ఆవిడా నవ్వింది.
తడి దుప్పటి కింద ఆగలేక ఆగలేక నవ్వారు.
అవతల అయిదు దిబ్బలూ పొడిపొడిగా నిద్రపోయాయి.

చలికాలమంతా మర రెక్కల గుడ్డే మాకు పైకప్పు.
గాలి ఎక్కువైన రాత్రి
ఇల్లు తిరగాలని చూసేది.

ఉప్పు అమ్ముడయ్యాక పెంకులు తిరిగొచ్చాయి,
లోపలివైపు తెల్లగా.

ఇప్పుడా మడులకి కరెంటు మోటారు.
ఇల్లు నాది.
ఎన్నిసార్లు సున్నం కొట్టించినా
షిరోక్కో వీచే రాత్రి చూరు చెమరుస్తుంది.
కుర్చీ ఎక్కి, వేలు ఆనించి
నాలుక మీద పెట్టుకుంటాను.

సరిపోయిందమ్మా, అంటాను.