కప్పు మీది గుర్తు

త్సుబామెలో మంచు ఆగని ఉదయం
కాగితం మీద ఇల్లు కట్టాం.
ఎడమ గోడ నిండా కొన్నవాళ్ల మాటలు,
పై వరసలో మా కొలతలు,
మధ్య గదుల్లో చుక్కలు, సున్నాలు.

"కెటిల్ బరువుగా ఉంది" అంది ఇనెకో గారు.
ఎనభై గ్రాములు కోసేశాం.
మళ్లీ అదే మాట.

ఎవరూ వెళ్లమనలేదు, నేనే వెళ్లాను.
టీ పోస్తోంది ఆవిడ
పిడికి పాత తువ్వాలు చుట్టి.
కాలుతోందా అన్నాను.
"కాదమ్మాయ్, సన్నం.
నా వేళ్లు అంతదాకా ముడుచుకోవు."
మా ఫారంలో ఆ ప్రశ్నే లేదు.

ఎడమ గోడకి ఒక మాట చేర్చాను,
పైన ఒక కొలత:
పిడి లావు, ముప్పై నాలుగు మిల్లీమీటర్లు.
వెంటనే ఇంటి కప్పు మీద
కాకిలా వాలింది ఇంటూ గుర్తు.
లావు పెరిగితే బరువూ పెరుగుతుంది మరి!
దాని కిందే కూర్చుని మూడు వారాలు పోట్లాడుకున్నాం.
కురాహషి రెండుసార్లు అలిగి వెళ్లిపోయాడు.
చివరికి చెక్క పిడిని వెదురులా
లోపల తొలిచి తెచ్చిందీ అతనే.

మార్చిలో మళ్లీ వెళ్లాను.
మెచ్చుకోలేమీ లేదు.
టీ పోసింది, ఒంటిచేత్తో,
పక్కింటి పిల్లి గురించి ఏదో చెబుతూ.
మేకుకి తువ్వాలు వేలాడుతోంది
తడిగా.
గిన్నెలు తుడిచినట్టుంది.